వేపమండ కట్టిన మేకు

మా పాత ఇంటి వీధి గుమ్మానికి ఎడమ పక్కన, మనిషి ఎత్తులో, ఒక ఇనుప మేకు ఉంది. రంగులు వేసేవాళ్ళు వచ్చినప్పుడల్లా "దీన్ని పీకేద్దామా" అని అడుగుతారు. వద్దంటాం. పోయిన సంక్రాంతికి ఇల్లు సున్నం కొట్టించేటప్పుడు మా పిల్లలు కూడా అడిగినారు, ఇది దేనికి అని. దేనికంటే, ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే వేపమండ కట్టడానికి. ఆ మాట చెప్పి ఊరుకోవచ్చు. కానీ మా ఇంట్లో ఇట్లా సగం చెప్పి ఊరుకున్నందువల్లే ఒక పెద్ద తప్పు జరిగింది. అందుకని ఈ తూరి మొత్తం రాస్తున్నాం.

మా ఊరు తిరుత్తణి నుంచి పళ్ళిపట్టు పోయే దారిలో ఉంది. మేము ఎక్కడి నుంచీ వలస రాలేదు. 1960 ఏప్రిల్ 1న, పటాస్కర్ తీర్పు ప్రకారం, చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలో కలిసింది. మేము ఉన్నచోటే ఉన్నాం, సరిహద్దు మమ్మల్ని దాటి అవతలికి పోయింది. మా అవ్వ అన్ని లెక్కలూ దానితోనే చెప్పేది: "బార్డరు మారక ముందు", "బార్డరు మారినాక". ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, మగ్గం కాడ రెండూ. పెళ్ళి సంబంధాలు మాత్రం ఇప్పటికీ నగరి, పుత్తూరు పక్కకే పోతాయి.

ఆ జబ్బును మా అవ్వ తట్టు అనేది. ఊళ్ళో తమిళం వాళ్ళు తట్టమ్మై అంటారు. బెంగళూరులో ఉన్న మా చుట్టాలు దడార అంటారు, షోలాపూరులో ఉన్నవాళ్ళు గోవర్ అంటారు, బరంపురం పక్క మిళిమిళా అంటారట. పేరు ఏదైనా మొదటి లక్షణాలు ఒకటే. జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడడం, నాలుగైదు రోజులకు ముఖం మీద మొదలై ఒళ్ళంతా దిగే ఎర్రటి పొక్కులు.

తట్టు పోస్తే మా ఇంట్లో కట్టుబాట్లు ఉండేవి. మేకుకు వేపమండ కట్టేవాళ్ళు. దాన్ని చూసినవాళ్ళు లోపలికి వచ్చేవాళ్ళు కాదు. తాలింపు వేయకూడదు. పిల్లను చల్లటి చోట వేపాకు పరిచి పడుకోబెట్టాలి. పొక్కులు మాడినాక వేపాకు, పసుపు వేసి కాచిన నీళ్ళు తలకు పోయాలి. ఆడి నెలలో పెరియపాళయం పోయి, వేపాకు చీర కట్టుకొని గుడి చుట్టూ తిరిగి మొక్కు తీర్చాలి. వీటిని మేము ఎగతాళి చేయం. మనిషిని మనిషికి దూరంగా ఉంచాలని, ఆ ఇంటికి పోవద్దని, మందూ మాకూ లేని కాలంలో ఎవరు ఇంతకంటే బాగా చెప్పగలరు? ఒక్క చిక్కు మాత్రం ఉంది. అమ్మవారు ఇంట్లో ఉన్నప్పుడు డాక్టరును పిలవకూడదు అన్నది కూడా ఆ కట్టుబాట్లలోనే ఉండేది.

మా నాయనకు ఒక అక్క ఉండేదని మాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆమె గురించి మా ఇంట్లో ఉన్నది ఒక్క మాటే: "అమ్మవారు తీసుకుపోయింది." మూడేళ్ళ పిల్ల. బార్డరు మారక ముందు ఏడు. అంతే. ఫోటో లేదు. ఎవరూ ఇంకో మాట అడగలేదు, అవ్వ చెప్పలేదు.

ఇప్పుడు 2017 ఫిబ్రవరికి వస్తాం.

ఆ నెలలో తమిళనాడు, కర్ణాటక, పుదుచ్చేరి, గోవా, లక్షద్వీప్‌లలో తట్టుకూ రుబెల్లాకూ కలిపి ఒకే టీకా వేసే పని మొదలుపెట్టినారు. తొమ్మిది నెలలు నిండిన బిడ్డ మొదలు పదిహేనేళ్ళ లోపు పిల్లలందరికీ, ఇంతకుముందు వేయించుకున్నా సరే, ఇంకొకటి. యానాం పుదుచ్చేరి కిందిది కాబట్టి అక్కడ కూడా అప్పుడే. చుట్టూ ఉన్న ఆంధ్రలో, తెలంగాణలో ఆగస్టులో గానీ మొదలు కాలేదు. మా మరమగ్గాల వీధి పిల్లలు చదివే బడి నుంచి ఒక కాగితం వచ్చింది. ఒక పక్క తమిళం, ఇంకో పక్క ఇంగ్లీషు. తల్లిగానీ తండ్రిగానీ సంతకం పెట్టి పంపాలి.

మా ఇంటి చిన్న కోడలిది నగరి పక్క పల్లె. అప్పటికి ఆమె మా ఇంటికి వచ్చి ఆరేళ్ళు. తమిళం మాట్లాడుతుంది, చదవలేదు. ఆమెకు ఇద్దరు బిడ్డలు. పెద్దది అయిదేళ్ళ ఆడపిల్ల, చిన్నవాడికి పదకొండు నెలలు. కాగితం ఆమె చేతికి వచ్చిన వారంలోనే ఫోనుకు వాట్సాప్‌లో కబుర్లు కూడా వచ్చినాయి. ఈ ఊసి వేస్తే ఆడపిల్లలకు రేపు పిల్లలు పుట్టరని ఒకటి. ఇది ఏదో పరదేశం కంపెనీ మన బిడ్డల మీద చేసే పరీక్ష అని ఒకటి. పిల్లలకు మాటలు పడిపోతాయని ఒకటి. కొన్ని తమిళంలో, కొన్ని తెలుగులో. తెలుగువి ఆమె పుట్టింటి వాళ్ళ నుంచి, మేనమామ నుంచి, చిన్ననాటి స్నేహితురాలి నుంచి వచ్చినాయి. అంటే, ఆమెను ప్రేమించే మనుషుల నుంచి.

ఆమె ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. ఊసి వేసే రోజు పాపను బడికి పంపలేదు. అంగనవాడిలో చిన్నవాళ్ళకు వేసిన రోజు వాడికి జలుబని చెప్పింది.

ఇన్నేళ్ళూ మా వాళ్ళలో ఎవరైనా ఈ సంగతి ఎత్తితే "ఆమె వేయించలేదు" అనే అంటారు. అది నిజం కాదు. ఆ రాత్రి వసారాలో మేమందరం ఉన్నాం. ఎవరి మాట వాళ్ళు చెప్పినాం.

మా చిన్నాయన తిరువళ్ళూరు మాట ఎత్తినాడు. 2008 ఏప్రిల్‌లో, మా జిల్లాలోనే, తట్టు టీకా వేయించుకున్న నలుగురు పసిపిల్లలు అదే రోజు చనిపోయినారు. అది వాట్సాప్ కబురు కాదు, జరిగిందే. ఆ వార్త విన్న తల్లులు ఏళ్ళ తరబడి ఊసి అంటే ఉలిక్కిపడినారు. "ఆ నలుగురూ ఎవరి బిడ్డలు? మనలాంటి వాళ్ళ బిడ్డలే గదా" అన్నాడు. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

పెద్ద వదిన పాపకు ముందే ఒక ఊసి వేయించినామని, అప్పుడు రెండు రోజులు జ్వరం వచ్చిందని గుర్తు చేసింది. "మల్లీ యాలమ్మా?" అనింది. బిడ్డ తండ్రి, మా తమ్ముడు, మగ్గం ఆపితే ఆ రోజు కూలి పోతుందని, జ్వరం వస్తే ఇంకో రెండు రోజులు పోతుందని లెక్క చెప్పినాడు. కాలేజీ చదివే పిల్లవాడు ఇంటర్నెట్టులో ఏదో చదివి వినిపించినాడు. తట్టు చిన్న జబ్బు, మన కాలంలో అందరికీ వచ్చి పోయింది, ఏమయింది అని ఇంకొకరు. అవ్వ ఒక మూల కూర్చొని వింటూ ఉండింది. ఏమీ అనలేదు. మేము కూడా చివరికి "నీ ఇష్టం మ్మా" అన్నాం. ఆ మాటతో బరువంతా ఆమె మీద పెట్టి పడుకున్నాం.

చిన్నవాడికి అప్పటిదాకా ఒక్క తట్టు టీకా కూడా ఎందుకు పడలేదో కూడా చెప్పాలి. అది భయం వల్ల కాదు. కాన్పు పుట్టింట్లో అయింది. టీకా కార్డు ఆంధ్రది, తెలుగులో ఉంది. అయిదో నెలలో ఇక్కడికి వచ్చేసినారు. కార్డు అక్కడ బీరువాలో ఉండిపోయింది. అక్కడి నర్సమ్మ బిడ్డ తమిళనాడు పోయినాడని అనుకునింది. ఇక్కడి నర్సమ్మ పుస్తకంలో వాడి పేరు ఎక్కలేదు. తొమ్మిదో నెల వచ్చినప్పుడు వాడికి దగ్గు. తగ్గినాక చూద్దాం అన్నారు. ఇట్లా రెండు రాష్ట్రాల మధ్య సందులో జారిపోయిన బిడ్డలు సరిహద్దు ఊళ్ళలో ఒకరిద్దరు కాదని మాకు తరువాత అర్థమయింది. వాళ్ళను ఎవరూ వద్దనలేదు. ఎవరూ పిలవలేదు, అంతే.

మే నెలలో వాళ్ళు నలుగురూ నగరి పక్క ఒక పెళ్ళికి పోయినారు. అక్కడ ఒక బిడ్డకు జలుబూ జ్వరమూ ఉండిందట. పొక్కులు ఇంకా రాలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తట్టు అట్లాంటిది. పొక్కులు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. రోగి పోయినాక కూడా ఆ గదిలో గాలిలో రెండు గంటల దాకా ఉంటుంది. టీకా లేని పిల్లలు పదిమంది పక్కన ఉంటే తొమ్మిదిమందికి వస్తుంది.

తిరిగొచ్చిన పది రోజులకు చిన్నవాడికి జ్వరం, తరువాత పొక్కులు. మా వదిన వేపమండ కోసుకొచ్చింది. పాప కూడా అదే చాప మీద వాడి పక్కన పడుకునేది. ఆమెకు ఏమీ రాలేదు. తొమ్మిదో నెలలో ఆమెకు వేయించిన ఆ ఒక్క ఊసి, రెండు రోజులు జ్వరం తెచ్చిందని మేము నిందించిన ఆ ఊసి, ఆమెను కాచింది. తొమ్మిదో నెలలో వేస్తే నూటికి 85 మందిదాకా పిల్లలకు కాపుదల వస్తుంది. మిగిలినవాళ్ళ కోసమే రెండోది.

మూడో రోజు సాయంత్రం వాడికి ఆయాసం ఎక్కువయింది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతా ఉన్నాయి. అమ్మవారు ఇంట్లో ఉన్నప్పుడు ఆసుపత్రా అని మా వదిన ఇంకా తటపటాయిస్తూ ఉండింది. అప్పుడు అవ్వ లేచి వచ్చింది. ఎనభై రెండేళ్ళ మనిషి. వాడి డొక్కల మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఆకు తర్వాత కట్టండి. కారు పిలవండి ముందు. నా బిడ్డ ఇట్లానే పోయింది."

కారులో ముందు సీట్లో కూర్చొని, మేము పుట్టి పెరిగినాక మొదటిసారి, ఆ కథ చెప్పింది. పొక్కులు మాడిపోతా ఉన్నాయంట. తలకు నీళ్ళు పోద్దామని అనుకున్నారంట. ఆ రాత్రి డొక్కలు ఎగరేసినాయి. తెల్లారి కోడి కూసేలోపల అయిపోయింది. "అమ్మవారు తీసుకుపోయింది అన్నారు. అమ్మ కాడ మనం ఏమని అడిగేది? తల్లి ఏడిస్తే అమ్మకు కోపం వస్తాదన్నారు. నేను ఏడవలేదు. చెప్పనూ లేదు." కాసేపు ఆగి, "ఆ రాత్రి మీరంతా మాట్లాడతా ఉంటే చెప్పాలనుకున్నాను రా. ఇన్నేళ్ళు చెప్పని నోరు, రాలేదు" అనింది.

ఆమె బిడ్డ పోయింది 1959లో. తట్టుకు టీకా వచ్చింది 1963లో, అదీ అమెరికాలో. మన దేశంలో పసిపిల్లల టీకాల పట్టికలో చేరింది 1985లో. అవ్వకు వేపమండ తప్ప ఇంకో దారి లేదు. టీకా రాకముందు ప్రపంచంలో ఏడాదికి సుమారు 26 లక్షల మంది తట్టుతో చనిపోయేవాళ్ళని లెక్క. ఎక్కువమందిని చంపేది పొక్కులు కాదు. తట్టు ఒంటిని నీరసింపజేసినాక వచ్చే నిమోనియా, విరేచనాలు, మెదడు వాపు. ఎ విటమిన్ తక్కువున్న బిడ్డలకు చూపు కూడా పోతుంది. "మన కాలంలో అందరికీ వచ్చి పోయింది" అని చెప్పేవాళ్ళు బతికినవాళ్ళు. పోయినవాళ్ళు వచ్చి చెప్పరు కదా.

మా వాడు పెద్దాసుపత్రిలో పదకొండు రోజులు ఉండి బతికినాడు. నిమోనియా తగ్గింది. చెవిలో చీము పట్టింది. ఎడమ చెవి వినికిడి చాలా వరకు పోయింది. ఇప్పుడు నాలుగో తరగతి. బడిలో కుడి చెవి టీచరు పక్కకు వచ్చేలా కూర్చుంటాడు. ఆటలో ఎడమ పక్క నుంచి పిలిస్తే పలకడు. పొగరని స్నేహితులు అనుకుంటారు. రాయడానికి ముందు వాళ్ళ అమ్మను అడిగినాం. "రాయండి. కానీ నేనొక్కదాన్నే వద్దన్నట్టు రాయొద్దండి" అనింది.

ఆసుపత్రి నుంచి వచ్చినాక ఉపకేంద్రం నర్సమ్మ మా ఇంటికి వచ్చింది. ఆమెదీ మా పక్క ఊరే, తెలుగే. వసారాలో కూర్చొని, ఎందుకు వేయించలేదు అని అడగలేదు. "ఏమి భయపడితివి మ్మా, ఒక్కొక్కటే చెప్పు" అనింది. ఒక్కొక్కటే చెప్పింది మా కోడలు. ఒక్కొక్కదానికే జవాబు చెప్పింది ఆమె.

పిల్లలు పుట్టరన్నది పూర్తిగా అబద్ధం. రుబెల్లా టీకా వేసేదే రేపు ఆ ఆడపిల్ల కడుపుతో ఉన్నప్పుడు బిడ్డకు గుండె, కన్ను, చెవి చెడకుండా ఉండడానికి. మాటలు పడిపోతాయన్న కబురు పుట్టింది 1998లో ఇంగ్లండులో, ఒక డాక్టరు పన్నెండుమంది పిల్లల మీద రాసిన వ్యాసంతో. ఆ పత్రికే 2010లో దాన్ని వెనక్కి తీసుకుంది, ఆ డాక్టరు పేరును వైద్యుల పట్టిక నుంచి కొట్టేసినారు. టీకా వేసిన వారం పది రోజులకు కొందరికి జ్వరం, సన్నగా పొక్కులు రావచ్చు. అది నీరసపరిచిన తట్టు క్రిమితో ఒళ్ళు పోరాటం నేర్చుకోవడం. ఇదంతా అరగంట. తెలుగులో. ఆ అరగంట ఫిబ్రవరిలో దొరికి ఉంటే అనిపించింది. తిరువళ్ళూరు మాట వచ్చినప్పుడు మాత్రం ఆమె కొట్టిపారేయలేదు. "ఆ తల్లుల కడుపుకోత నిజం. అందుకే సీసా ఎప్పుడు తెరిచినారు, దేంతో కలిపినారు అని అడిగే హక్కు నీకుండాది. అడుగు, నేను చూపిస్తాను" అనింది.

ఆ మాట విలువ మాకు రెండేళ్ళ తరువాత తెలిసింది. పసిఫిక్ సముద్రంలో సమోవా అని చిన్న ద్వీపదేశం. 2018లో అక్కడ నర్సులు టీకా పొడిని పొరపాటున వేరే మందుతో కలిపి వేయడంతో ఇద్దరు పసిబిడ్డలు చనిపోయినారు. టీకాలు నెలల తరబడి ఆపేసినారు. మళ్ళీ మొదలుపెట్టినా తల్లులు రాలేదు. 2019 చివర తట్టు వచ్చింది. రెండు లక్షల జనాభాలో 5,700 మందికి పైగా పడిపోయినారు, 83 మంది చనిపోయినారు, ఎక్కువమంది అయిదేళ్ళ లోపు వాళ్ళే. టీకా వేయించుకోనివాళ్ళు ఉన్న ఇంటి ముందు ఎర్రగుడ్డ కట్టమని ప్రభుత్వం చెప్పింది, బృందాలు వచ్చి వేసిపోతాయని. ఆ వార్త చూసినప్పుడు మాకు మా మేకు గుర్తుకొచ్చింది.

మాలాగే పరాయి భాష మధ్య ఉండేవాళ్ళకు కూడా ఇదే జరిగింది. అమెరికాలో మినెసోటాలో స్థిరపడిన సోమాలీ కుటుంబాలలో ఒకప్పుడు నూటికి తొంభైమందికి పైగా పిల్లలకు ఈ టీకా పడేది. ఇంగ్లండు డాక్టరు పుట్టించిన ఆ భయం వాళ్ళ మధ్య పాకినాక పదేళ్ళలో అది 42కు దిగింది. మా ఇంట్లో తట్టు వచ్చిన ఆ 2017లోనే వాళ్ళ మధ్య కూడా వచ్చింది, ఆ రాష్ట్రంలో 75 మందికి. వాళ్ళు చదువులేనివాళ్ళు కాదు, బిడ్డల మీద ప్రేమ లేనివాళ్ళూ కాదు. భయం వాళ్ళ వాళ్ళ ద్వారా వచ్చింది. జవాబు పరాయి వాళ్ళ నోట, ఆలస్యంగా వచ్చింది.

మా ఇంట్లో జరిగింది కూడా అదే అని మాకు తోస్తుంది. భయం మన తెలుగులో, మనవాళ్ళ గొంతుతో వచ్చింది. సమాచారం చదవలేని లిపిలో వచ్చింది. ఆ రెండింటి మధ్య నిలబడి సాక్ష్యం చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి, మా అవ్వ, అరవై ఏళ్ళుగా నోరు మూసుకోవలసి వచ్చింది. మేము అడగలేదు కూడా.

సరిహద్దు ఊళ్ళలో, పరాయి రాష్ట్రాల్లో ఉన్న మన కుటుంబాలకు రెండు మాటలు. కాన్పుకు పుట్టింటికి పోతే టీకా కార్డు బిడ్డతోనే తిరగాలి, బీరువాలో కాదు. కార్డు ఏ రాష్ట్రానిదైనా, ఏ భాషలో ఉన్నా, అసలు లేకపోయినా, ఉన్నచోట అంగనవాడిలోనో ఆరోగ్య కేంద్రంలోనో అడగండి, డబ్బు తీసుకోరు. మొదటిది తొమ్మిది నుంచి పన్నెండు నెలల్లో, రెండోది పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల్లో. తప్పిపోతే అయిదేళ్ళ దాకా వేస్తారు. తట్టు వచ్చిందని అనుమానం వస్తే డాక్టరుకు చూపించి, ఎ విటమిన్ గురించి అడగండి. తిండీ నీళ్ళూ మాన్పించొద్దండి. ఇంట్లో కొత్త కోడలు ఉంటే, బడి కాగితం ఆమెకు చదివి వినిపించండి. "నీ ఇష్టం మ్మా" అని వదిలేయొద్దండి.

అవ్వ 2021లో పోయింది. మా చిన్న కోడలు ఇప్పుడు తమిళం చదువుతుంది. అంగనవాడి నుంచి ఏ కాగితం వచ్చినా మగ్గాల వీధిలో కొత్తగా వచ్చిన ఆంధ్ర కోడళ్ళు ఆమె దగ్గరికే తెస్తారు. ఆమె చదివి, తెలుగులో చెప్పి, వాడిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటుంది, కుడి పక్కన.

మేకు ఇంకా ఉంది. ఆడి నెలలో అమ్మవారికి కూళ్ళు పోసే రోజు దానికి వేపమండ కడతాం. ఈసారి పిల్లలు అడిగితే మేనత్త సంగతి కూడా చెప్తాం. మీ ఇళ్ళలో కూడా "అమ్మవారు తీసుకుపోయింది" అని ఒక్క మాటతో ఆగిపోయిన బిడ్డలు ఉండే ఉంటారు. పెద్దవాళ్ళు ఉండగానే అడగండి. ఏ రాత్రి, ఎట్లా, ఏమయిందో చెప్పించుకోండి.